పన్నెండు అంగుళాలు ఎక్కువైన కాలిబాట

మున్సిపాలిటీలో కొత్తగా చేరిన ఇంజనీర్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. కాఫీ తాగుతూ, మీ సర్వీసులో ఏమేం కట్టించారు సార్ అని అడుగుతారు. ఒక వాటర్ ట్యాంకు, రెండు కల్వర్టులు, ఒక కూరగాయల షెడ్డు. వాటి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, అన్నీ సరిగ్గానే వచ్చాయి. సరిగ్గా వచ్చిన పని గురించి రెండు వాక్యాలు దాటితే వినేవాళ్ళకు ఆవలింతలు వస్తాయి. అందుకని తప్పుగా వచ్చిన పని గురించి చెబుతాను. అది విన్నప్పుడు మాత్రం ఎవరూ ఆవలించరు.

రెండు వేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్ళకు జరిగిన సంగతి ఇది. అనకాపల్లిలో నేను అసిస్టెంట్ ఇంజనీరుగా ఉన్నాను, రిటైర్మెంటుకు ఎంతో దూరం లేదు. ప్రతిరోజూ డైరీ రాసే అలవాటు కాలేజీ రోజుల నుంచీ ఉంది కాబట్టి ఇక్కడ రాస్తున్నదాంట్లో ఊహించి రాసింది తక్కువ. నాకు నచ్చని విషయాలు కూడా డైరీలో ఉన్నాయి, ఏం చేస్తాం.

ఆ వీధికి ఒక చివర బెల్లం మార్కెట్టుకు పోయే దారి, రెండో చివర ఆడపిల్లల హైస్కూలు. సీజన్లో పొద్దున్నే బెల్లం బళ్ళు, ఫ్యాక్టరీకి పోయే చెరకు లారీలు అన్నీ అటే వచ్చేవి. లారీ కదులుతుంటే రెండు పక్కలా పొడుచుకొచ్చిన చెరకు కొసలు కొట్ల బోర్డుల్ని తుడుచుకుంటూ పోయేవి. నడిచేవాళ్ళు, సైకిళ్ళవాళ్ళు రోడ్డు అంచుకు జరిగేవారు. అంచున మూతలేని మురుగుకాలువ. అటు చెరకు, ఇటు కాలువ. పిల్లలు బడికి ఆ సందులోంచే వెళ్ళేవారు.

ఆ స్కూల్లో లెక్కలు చెప్పే టీచరుగారు ఒకావిడ ఆ వీధికి మార్కెట్టు వైపు చివర ఉండేవారు. ముప్పై ఏళ్ళుంటాయి. చిన్నప్పుడు పోలియో రావడంతో ఒక కాలికి ఇనుప కడ్డీల బూటు, చేతిలో కర్ర. తండ్రి రిటైరైన పోస్ట్‌మ్యాన్. క్రైస్తవ కుటుంబం, కోటవురట్ల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. కోటవురట్లలో ఆయన సైకిలు ఆగని ఇంటి గడప లేదని చెప్పుకునేవారు. రోజూ ఉదయం కూతుర్ని సైకిలు క్యారేజీ మీద కూర్చోబెట్టుకుని బడికి దింపేవారు.

ఒకరోజు పొద్దున్న ఒక చెరకు గడ కొస ఆయన హ్యాండిల్‌కు తగిలింది. తండ్రీకూతుళ్ళిద్దరూ కాలువలో పడ్డారు. దెబ్బలు పెద్దగా తగల్లేదు. ఆయన కళ్ళద్దాలు మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. కొత్త అద్దాల కోసం వెళ్తే డాక్టరు, అద్దాలు కాదు, రెండు కళ్ళకీ శుక్లాలున్నాయి, వేసవిలో ఆపరేషను చేయించుకోండి అన్నాడు. అంతటితో ఆయన కూతురికి ఒక మాట చెప్పేశారు.

ఆ మాట ఏమిటో టీచరుగారే మా ఆఫీసుకు వచ్చి నాకు చెప్పారు. చేతిలో అర్జీ ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు.

“మా నాన్న ఏమన్నారో తెలుసా సార్? ‘బడి మూసేదాకా ఎలాగో దింపుతాను, ఆపైన నేను తొక్కలేనమ్మా. జూన్లో బడి తెరిసేసరికి ఒక్కదానివీ ఎల్లగలిగితే ఎల్లు. లేదంటే మానీ’ అన్నారు. ఆటోలో వెళ్ళమంటారేమో మీరు. ఆ టైముకి ఆటోలు కూడా ఆ కాలువలోనే ఉంటాయి. నేను నడవగలను సార్. నడవడానికి చోటే లేదు.”

అర్జీలో ఆ వీధి పటం కూడా గీసుకొచ్చారు. ఎక్కడ ఎన్ని అడుగుల వెడల్పో రాశారు. లెక్కల టీచరు కదా. నా మనసులో అప్పటికే ఒక ఆలోచన వచ్చింది. కాలువ గోడలు కొంచెం ఎత్తుచేసి, పైన సిమెంటు పలకలు పరిచేస్తే అదే కాలిబాట అవుతుంది. నడిచేవాళ్ళు దానిమీదికి వెళ్తే రోడ్డు అంచు సైకిళ్ళకు మిగులుతుంది. కాలువలో ఎవరూ పడరు. మా మున్సిపల్ ఇంజనీరుగారికి, అంటే నా పై ఆఫీసరుకు, ఈ ఆలోచన నచ్చింది. పని మంజూరైంది.

ఇక్కడ లెవెల్ పని గురించి రెండు మాటలు చెప్పాలి, లేకపోతే నా తప్పు మీకు అర్థం కాదు. ఊళ్ళో కదలకుండా ఉండే ఏదో ఒక రాయిని గుర్తుగా పెట్టుకుని, దాని ఎత్తును రిజిస్టర్లో రాసి ఉంచుతాం. ఆ తర్వాత ఏం కట్టినా ఆ రాయితో పోల్చి ఎంత ఎత్తులో కట్టాలో లెక్క వేస్తాం. ఆ వీధికి గుర్తు రాయి అక్కడున్న చర్చి కింది మెట్టు. దాని ఎత్తు నాకంటే ముందు పనిచేసినవాళ్ళు రిజిస్టర్లో రాసిన అంకె. అందమైన దస్తూరి, ఎర్ర సిరాతో కింద గీత. నేను ఆ మెట్టు మీద కొలబద్ద పెట్టించి, చూసి, రిజిస్టర్లో అంకెతో కలిపి, గోడలు ఎక్కడిదాకా లేపాలో గుర్తులు వేయించాను. కాలిబాట రోడ్డు కంటే ఆరు అంగుళాల ఎత్తులో రావాలి. డ్రాయింగులో అదే ఉంది.

మేస్త్రిది రావికమతం వైపు ఊరు. సన్నగా, నల్లగా, ఎప్పుడూ నవ్వు మొహంతో ఉండే మనిషి. గోడ లేస్తుంటే రెండో రోజే నా దగ్గరికొచ్చాడు.

“బాబూ, ఎత్తెక్కువైపోతందేమో సూడండి. ఇది కాలిబాటా, పెళ్ళి అరుగా?”

“రిజిస్టర్ ప్రకారమే వస్తోంది మేస్త్రీ. పుస్తకం తప్పు చెప్పదు.”

“పుస్తకం తప్పు సెప్పదండి, నిజవే. మనిసి మోకాలు కూడా తప్పు సెప్పదు గదండి,” అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

నాకూ అనుమానం రాకపోలేదు. కానీ వీధి పొడవునా ఇసుక, కంకర కుప్పలు. అసలు రోడ్డు ఎక్కడుందో కనిపించేది కాదు. పైగా రోడ్డుకు ఎప్పటికప్పుడు తారు వేస్తూనే ఉంటారు, అది పెరుగుతూనే ఉంటుంది, కొంచెం ఎత్తుంటే మంచిదేలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మా ఆఫీసరుగారిని అడిగితే ఆయనా అదే అన్నారు. ఇద్దరు ఇంజనీర్లు ఒకే మాట అంటే అది నిజమే అయ్యుండాలని అనుకునే రోజులవి.

ప్రారంభోత్సవానికి ముందు రోజు కుప్పలన్నీ ఎత్తేశారు. అప్పుడు కనిపించింది. రోడ్డు మీంచి కాలిబాట అడుగున్నర ఎత్తులో నిలబడి ఉంది.

మర్నాడు చైర్ పర్సన్ గారు పట్టుచీర కట్టుకుని వచ్చారు. రిబ్బను పైన ఉంది, ఆవిడ కింద ఉన్నారు. ఇద్దరు కౌన్సిలర్లు చెరో చేయీ పట్టుకుని పైకి లాగారు. ఆవిడ నవ్వేస్తూ, “ఏటండీ ఇంజనీరుగారూ, కొండెక్కించీసినారు!” అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

తర్వాత టీచరుగారు వచ్చారు. మొదట ఆవిడే నడవాలని చైర్ పర్సన్ గారు పట్టుబట్టారు. ఆవిడ కర్రను పైన ఆనించారు. మంచి కాలు ఎత్తారు. అంత ఎత్తుకు అందలేదు. కర్ర జారింది. తండ్రి చెయ్యి చాపబోతే, “ఉండు నాన్నా,” అని మళ్ళీ ప్రయత్నించారు. ఈసారి కాలు అంచుకు తగిలి కిందికి వచ్చేసింది. ఎవరూ నవ్వలేదు.

పక్కనే సైకిలు షాపు ఉంది. ఆ షాపాయన పరిగెత్తుకెళ్ళి తన పనిముట్ల పెట్టె తెచ్చి మెట్టులాగా పెట్టాడు.

“దీన్మీద కాలెట్టి ఎక్కీయమ్మా.”

“ఇవాళ పెట్టె పెట్టేవు మామా. రేపు ఎవరు పెడతారు?” అన్నారావిడ. తర్వాత వీధి పొడవునా ఒకసారి చూశారు. “మధ్యలో ఏడు సందులున్నాయి. సందు వచ్చిన ప్రతిచోటా దిగాలి, మళ్ళీ ఎక్కాలి. ఏడు పెట్టెలు కావాలి.”

నా దగ్గరికి వచ్చి, “చాలా కష్టపడ్డారు సార్. వెడల్పుగా ఉంది,” అన్నారు. తిట్టినా అంత బాధపడేవాణ్ణి కాదు. తండ్రి సైకిలెక్కారు, ఆవిడ క్యారేజీ మీద కూర్చున్నారు, ఇద్దరూ రోడ్డు మీదే వెళ్ళిపోయారు. ఆ రోజు నా డైరీలో ఉన్నది ఇంతే: “ప్రారంభోత్సవం జరిగింది. లడ్డూలు మిగిలాయి.”

వారం తిరిగేసరికి ఊళ్ళో దానికి ‘మున్సిపాలిటీ అరుగు’ అని పేరు పడింది. కొట్లవాళ్ళు మహా సంతోషించారు. ఉల్లిపాయల బస్తాలు దానిమీదికి చేరాయి. పేపరు చదివేవాళ్ళు గోడకు చేరబడి కాళ్ళు చాపుకునేవారు. రెండు మేకలు మధ్యాహ్నం నిద్రకు వచ్చేవి. అందరికంటే లాభపడింది సైకిలు షాపాయన. సైకిళ్ళను అరుగు మీద బోర్లించి నిలబడే పంచర్లు వేసేవాడు. నేను అటు వెళ్తే చాలు, “బాబూ, పాతికేళ్ళకి నా నడుం నిటారైనాది! మీ పేరు సెప్పుకుంటన్నాను!” అని అరిచేవాడు. నడిచేవాళ్ళు మాత్రం యథాప్రకారం రోడ్డు మీదే నడిచేవారు. ఇప్పుడు వాళ్ళకు పక్కకు తప్పుకోవడానికి కాలువ కూడా లేదు, గోడ ఉంది.

నేను లెక్కలన్నీ మూడుసార్లు తిరగేశాను. కూడికలు సరిగ్గా ఉన్నాయి. చివరికి మేస్త్రిని వెంటబెట్టుకుని చర్చి దగ్గరికి వెళ్ళాను. మెట్టు నున్నటి నల్లరాయి. నేను దాని చుట్టూ తిరుగుతుంటే మేస్త్రి మెల్లగా అడిగాడు.

“ఏటి బాబూ, ఈ మెట్టుకేటైనాది?”

“ఏమీ కాలేదు. దీని ఎత్తును బట్టే మన గోడ కట్టాం. ఇది పాతకాలం నుంచీ ఇక్కడే ఉన్న మెట్టు.”

“పాతకాలందా? ఈ మెట్టు కట్టింది నేనే గదండీ! వానల్లో నీళ్ళు లోపలికొచ్చేత్తన్నాయని పాత మెట్టు మీద అడుగెత్తు కట్టేసి నల్లరాయి పరిసేను. రెండేళ్ళవలేదు.”

“మరి ఆ రోజు నేను దీని మీద కొలబద్ద పెట్టించినప్పుడు చెప్పలేదేమయ్యా?”

“మీరెందుకు పెట్టేరో నాకేటి తెలుసండి? నేను కట్టిన మెట్టు సరిగ్గున్నాదో లేదో సూత్తన్నారనుకున్నాను. మీరు సూసి బాగుందన్నట్టు తలూపేరు కూడాను. ఇంటికెల్లి మా ఆడదానికి కూడా సెప్పేను.”

ఇంటికి వచ్చి డైరీలు తీశాను. అన్యాయం ఏమిటంటే, ఆ మెట్ల సంగతి నాకు తెలుసు. పాస్టరుగారు పిలిస్తే మరమ్మతుల తర్వాత జరిగిన ప్రార్థన కూటానికి నేను వెళ్ళాను. నా చేతిరాతలోనే ఉంది: “చర్చికి కొత్త మెట్లు వేశారు. నల్లరాయి. వానలో జారవచ్చు. కేకు బాగుంది.” నేను రాసుకున్నది నేనే చదవలేదు, ఎవరో రాసిన ఎర్ర సిరా గీతను నమ్మాను. మీలో డైరీ రాసేవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళకు నా సలహా, అప్పుడప్పుడు దాన్ని చదవండి.

మర్నాడు తప్పు ఎలా వచ్చిందో అరపేజీ కాగితం రాసి మా ఆఫీసరుగారి ముందు పెట్టాను. ఆయన చదివి, కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని చదివారు.

“ఇది రాయడం అవసరమా? వచ్చే ఏడాది రోడ్డుకు రెండు పొరలు వేసేద్దాం. ఎత్తు తెలియదు. మీరు రిటైరయ్యే ముందు మెమో ఎందుకు?”

“రెండు పొరలు వేసినా అడుగు పైన మిగులుతుంది సార్. ఆ టీచరుగారికి జూన్ దాకానే గడువు.”

ఆయన కాగితాన్ని నా వైపు తిప్పారు. “చర్చి మెట్టు మీద తప్పు నెట్టినట్టు ఉందండీ ఈ కాగితం,” అన్నారు.

కాగితం తీసుకుని, కింద ఇంకో వాక్యం రాశాను: మెట్టు మారిన సంగతి నాకు ముందే తెలుసు. ఆయనకు నవ్వు ఆగలేదు. మెమో ఇచ్చారు, నిజమే. కానీ చివరి కొలతలు పుస్తకంలోకి ఎక్కి పని ఇంకా ముగిసినట్టు లెక్క కాలేదు కాబట్టి, బడి తెరిచేలోగా సరిచేయడానికి ఒప్పుకున్నారు. “ఈసారి ఎంత ఎత్తు?” అని అడిగారు. ఆరు అంగుళాలు అనబోయి ఆగాను. ఎందుకు ఆగానో నాకే తెలియదు. “కనుక్కుని చెబుతాను సార్,” అన్నాను.

ఆ సాయంత్రం టేపు పట్టుకుని టీచరుగారి ఇంటికి వెళ్ళాను. మేస్త్రి కూడా వచ్చాడు. వాళ్ళ గుమ్మం ముందు మెట్టు వంగి కొలిస్తే నాలుగంగుళాలు. పోస్ట్‌మ్యాన్ గారు చూసి, “అది నేనే కట్టేను బాబూ. పుస్తకాలేటీ సూళ్ళేదు. మా అమ్మాయి కాలు సూసి కట్టేను,” అన్నారు. మేస్త్రి నా వైపు చూడకుండా మీసం సవరించుకున్నాడు.

పెరట్లో ఇటుకలున్నాయి. మేస్త్రి వాటిని పేర్చి నాలుగంగుళాల మెట్టు చేశాడు. ఆవిడ ఎక్కి దిగారు. ఐదు చేశాడు. ఎక్కి దిగారు. ఆరు చేశాడు. ఎక్కారు, కానీ కొంచెం ఆగి ఎక్కారు.

“ఆరు ఫర్వాలేదా అమ్మా?” అని అడిగాను.

“ఇవాళ ఫర్వాలేదు సార్. వాన పడిన రోజు ఎక్కలేను.”

ఆ మాట విన్నాక నేను ఇటుకల మీదే కూర్చుండిపోయాను. నేను తప్పు చేయకుండా ఉండి ఉంటే, ఆరంగుళాల కాలిబాట డ్రాయింగు ప్రకారం చక్కగా వచ్చేది. అందరూ మెచ్చుకునేవారు. నేను టేపు పట్టుకుని ఈ పెరట్లోకి వచ్చేవాణ్ణి కాదు. వానాకాలంలో ఆవిడ ఇంట్లో కూర్చునేవారు. కాలిబాట బాగానే ఉంది కదా, ఆవిడకే కుదరలేదు అని మేమందరం అనుకునేవాళ్ళం.

ఐదంగుళాలు, సందు ఉన్న ప్రతిచోటా మెట్టు లేకుండా వాలు. అలా నిర్ణయమైంది.

ఇక మిగిలింది కొట్లవాళ్ళు. అరుగు పోతుందంటే ఎవరికీ ఇష్టం లేదు. సైకిలు షాపాయన పలకకు అడ్డంగా కూర్చున్నాడు.

“ఇచ్చినట్టే ఇచ్చి లాక్కుంటారేటండి? నా నడుం మాటేటి?”

పక్కనే సైకిలు పట్టుకుని నిలబడ్డ పోస్ట్‌మ్యాన్ గారు అందుకున్నారు. వాళ్ళిద్దరూ బావా అంటే బావా అనుకునేవాళ్ళు. “నీ నడుం ఇన్నాళ్ళ నించీ సూత్తన్నాను బావా. అది అరుగుకి వొంగదు, పనికి వొంగదు. లెగు.”

“నువ్వు ఊరుకో బావా! నీ కూతురని సెప్పి నువ్వు మాటాడతన్నావు.”

“మరి ఎవరి కూతురని మాటాడమంటావు?”

సైకిలు షాపాయన లేచి, తన పనిముట్ల పెట్టె తీసి లోపల పెట్టుకున్నాడు. మొదటి పలక ఎత్తేటప్పుడు గడ్డపారకు ఒక చివర తనే పట్టాడు కూడా. ఆయనకు షాపు లోపల చెక్క బల్ల ఒకటి మేస్త్రి చేసి పెట్టాడు. దానిమీద సైకిలు పెడితే నడుం వంచక్కర్లేదు.

ఏప్రిల్, మే ఎండల్లో పని జరిగింది. పలకలు ఎత్తి, గోడల పై వరసలు ఊడదీసి, మళ్ళీ పరచడం. ఈసారి లెవెల్ చూసినప్పుడు కొలబద్ద పెట్టిన ప్రతిచోటా మేస్త్రి ముందుగానే అరిచేవాడు: “ఇది నేను కట్టింది కాదు బాబూ!” రోడ్డు అంచున సైకిళ్ళ కోసం ఒక తెల్లగీత కూడా గీయించాం. దానికి కాపలా ఎవరో చెప్పక్కర్లేదు. “ఏయ్ స్కూటరూ! గీత అవుపించట్లేదా?” అనే కేక రోజంతా వినిపించేది. సైకిలు షాపాయన పాతికేళ్ళుగా ఆ వీధిలో సైకిళ్ళు బాగుచేస్తున్నాడు, సైకిళ్ళకంటూ ఒక చోటు అప్పుడే చూశాడు.

బడి తెరిచిన రోజు పొద్దున్న సన్నగా తుంపర పడుతోంది. నేను గొడుగు వేసుకుని ఎనిమిదింటికే వెళ్ళాను. టీచరుగారు ఇంటి ముందు కాలిబాట మీద కర్ర ఆనించారు, మంచి కాలు ఎత్తారు, రెండో కాలు లాక్కున్నారు. ఎక్కేశారు. చూసినవాళ్ళకు అది ఏమంత గొప్పగా కనిపించి ఉండదు. ఆవిడ వెనక్కి చూడకుండా నడవడం మొదలుపెట్టారు.

ఒక్కదాన్నే వెళ్తానని ఇంట్లో ముందే చెప్పారట. అయినా ఇరవై గజాల వెనకాల పోస్ట్‌మ్యాన్ గారు సైకిలు నడిపించుకుంటూ వస్తున్నారు. ఒక కంటికి ఆపరేషనై ఆకుపచ్చ అట్ట కట్టి ఉంది. నన్ను చూసి నోటి మీద వేలు పెట్టారు. నేను తల ఊపి ఆయన పక్కన చేరాను. మొదటి సందు, వాలు దిగారు, వాలు ఎక్కారు. రెండో సందు. మూడు. చెప్పులు చప్పుడు కాకుండా మేమిద్దరం వెనకాలే. ఐదో సందు దగ్గర ఆటో ఒకటి అడ్డం వచ్చింది. ఆవిడ ఆగారు. మేమూ ఆగాం. ఆటో వెళ్ళిపోయింది, ఆవిడ మాత్రం కదల్లేదు.

“నాన్నా,” అన్నారు, తల తిప్పకుండానే. “సైకిలు టిక్కు టిక్కుమంటంది. ఇంటికెల్లు.”

ఆయన చక్రాన్ని చేత్తో గట్టిగా పట్టుకున్నారు.

“సార్, మీరూ ఉన్నారు కదా. ఆఫీసుకు టైమవుతోంది.”

వాలు దిగారు, సందు దాటారు, అవతల వాలు ఎక్కారు. వెనకాల నుంచి యూనిఫారాల్లో ఆడపిల్లలు నలుగురు పరిగెత్తుకుంటూ వచ్చి, ఆవిణ్ణి దాటకుండా వేగం తగ్గించి, నమస్తే మేడమ్ అని పక్కన నడవసాగారు. ఆ గుంపులో ఆవిడ తెల్లచీర కొంతదూరం కనిపించి, తర్వాత కనిపించలేదు.

మేమిద్దరం వెనక్కి తిరిగాం. పదడుగులు వేశాక పోస్ట్‌మ్యాన్ గారు చుట్టూ చూసి, గొంతు తగ్గించి అన్నారు.

“రేపు సైకిలు ఇంటికాడ ఒగ్గేసి వత్తాను బాబూ.”

“నేను వేరే చెప్పులు వేసుకొస్తాను,” అన్నాను.